దసరా దాటాక గడ్డ నాటితే.. ఉగాదికి పువ్వు!

పోయినేడాది ఏప్రిల్ మాట. ఆర్నెల్ల చలి తర్వాత పిల్లల్ని స్కూలు బస్సు ఎక్కించి వెనక్కి వస్తుంటే పక్కింటి వాకిలి చూసి ఆగిపోయాను. నిన్నటిదాకా ఎండుగడ్డి తప్ప ఏమీ లేని చోట పసుపు ముద్దల్లా డాఫోడిల్స్. వాటి వెనకాల వంగపండు రంగు హయసింత్‌లు. మా వాకిట్లో మాత్రం మంచుకి చితికిన పాత ఆకులు, ఉప్పు మరకలు!

ఆ శనివారమే గార్డెన్ సెంటర్‌కి పరుగెత్తాం. "డాఫోడిల్ బల్బులు కావాలి" అంటే కౌంటర్ దగ్గర అబ్బాయి నవ్వేశాడు. "ఇప్పుడు దొరకవు మేడమ్, సెప్టెంబరులో రండి" అన్నాడు. పూలు ఏప్రిల్‌లో పూస్తుంటే గడ్డలు సెప్టెంబరులో కొనడమేంటని మావారు కారులో కూర్చున్నంతసేపూ విసుక్కుంటూనే ఉన్నారు. పక్కింటి పెద్దావిడని అడిగితే అసలు సంగతి తెలిసింది. ఆవిడకి ఎనభై దాటాయి. "నువ్వు చూస్తున్న పూల పని నేను పోయిన అక్టోబరులోనే పూర్తి చేశాను. ఫాల్‌లో రా, తవ్వే సామాను ఇస్తాను" అంది.

అమెరికా వచ్చి పదిహేనేళ్ళయినా నాకు తెలియని విషయం ఇది. మన పక్క విత్తనం వేస్తే వారంలో మొలక కనిపిస్తుంది. ఇక్కడ మేలో టమాటా, గోంగూర, బెండ నాటినా అంతే. ఈ గడ్డల లెక్క వేరు. ఆరు నెలల ముందు నాటాలి. నాటాక ఏమీ కనిపించదు. దాని మీద మంచు పడుతుంది, గడ్డ కడుతుంది. మనం మర్చిపోయాక అది పూస్తుంది.

ఇప్పుడు ఆగస్టు నెలాఖరు. వచ్చే ఉగాదికి మీ వాకిట్లో పూలు కావాలంటే ఆలోచించాల్సింది ఈ వారాల్లోనే. మేం చేసిన పొరపాట్లతో సహా ఈ ఏడాదిలో నేర్చుకున్నదంతా చెబుతాను. అందులో ఒక పొరపాటు మాత్రం నవ్వుకుని మర్చిపోయేది కాదు.

చలి ఎందుకు కావాలి?

బల్బు అంటే మన ఉల్లిగడ్డ లాంటిదే. మొక్క తన తిండిని పొరలు పొరలుగా దాచుకున్న డబ్బా అది. ఫాల్‌లో మనం కొనేసరికే మంచి డాఫోడిల్, ట్యులిప్ గడ్డల్లో వచ్చే ఏడాది పువ్వు చిన్న మొగ్గ రూపంలో తయారై ఉంటుంది. కానీ ఆ మొగ్గ కాడ సాగి పైకి రావాలంటే దాదాపు 12 నుంచి 16 వారాల చలి తగలాలి. 45 డిగ్రీల ఫారెన్‌హీట్ దగ్గర్లో ఉండే చలి చాలు. ఆ చలిలో గడ్డలోని పిండి పదార్థం చక్కెరగా మారుతుంది, వేర్లు దిగుతాయి. చలి సరిపోకపోతే కాడ సాగదు. నేలకి అతుక్కుని పొట్టిగా పూస్తుంది, లేదా అసలు పూయదు.

ట్యులిప్ అనగానే అందరికీ హాలెండ్ గుర్తొస్తుంది. కానీ దాని పుట్టిల్లు మధ్య ఆసియా కొండలు. అక్కడ చలికాలం కఠినం, ఎండాకాలం పొడి. టర్కీ సుల్తానుల తోటల మీదుగా అది యూరప్ చేరింది. 1593లో క్లూసియస్ అనే వృక్షశాస్త్రవేత్త లైడెన్ విశ్వవిద్యాలయానికి వచ్చి అక్కడి తోటలో వీటిని నాటాకే హాలెండ్‌లో ట్యులిప్‌కి పేరొచ్చింది. మన దేశంలో కూడా శ్రీనగర్‌లో దాల్ సరస్సు పక్కన పెద్ద ట్యులిప్ తోట ఉంది. వరంగల్‌లోనో, గుంటూరులోనో ఇది నేలలో ఎందుకు నిలవదో ఇప్పుడు అర్థమవుతుంది. అక్కడ దానికి కావాల్సిన చలి లేదు.

ఈ పుట్టిల్లు కథ తెలిస్తే పెంపకం సగం తెలిసినట్టే. చలికాలం చల్లగా, వానలకి నీళ్ళు నిలవకుండా, ఎండాకాలం పొడిగా ఉండాలి. అంతే.

మీ ఊళ్ళో ఎప్పుడు నాటాలి?

మేం ఉండేది సెంట్రల్ న్యూజెర్సీ. అమెరికా వ్యవసాయ శాఖ వారి మ్యాపులో ఏడో జోన్. ఆ మ్యాపుని 2023లో కొత్తగా సవరించారు. మీ జిప్ కోడ్ కొడితే మీ జోన్ తెలుస్తుంది. నేల వేడి 55-60 డిగ్రీలకి దిగాక, నేల గడ్డ కట్టడానికి కనీసం ఆరు వారాల ముందు నాటాలన్నది సూత్రం. తొందరపడి వేడి నేలలో నాటితే గడ్డ కుళ్ళొచ్చు, లేదా ముందే ఆకు తొడగొచ్చు.

మినియాపోలిస్, షికాగో వైపు వాళ్ళకి సెప్టెంబరు చివరి నుంచి అక్టోబరు నెలంతా. న్యూజెర్సీ, పెన్సిల్వేనియా, వర్జీనియా వాళ్ళకి అక్టోబరు మధ్య నుంచి థ్యాంక్స్‌గివింగ్ దాకా. మన లెక్కలో చెప్పాలంటే దసరాకీ దీపావళికీ మధ్య మొదలుపెట్టి, కార్తీక మాసంలో ముగించడం. అట్లాంటా వాళ్ళు నవంబరు, డిసెంబరు దాకా ఆగాలి.

డల్లాస్, హ్యూస్టన్, బే ఏరియా వాళ్ళకి ఇంకో మెట్టు ఉంది. అక్కడ చలి చాలదు కాబట్టి ట్యులిప్, హయసింత్ గడ్డల్ని కనీసం పది వారాలు ఫ్రిజ్‌లో పెట్టి, డిసెంబరు చివర్లోనో జనవరి మొదట్లోనో నాటుతారు. ఫ్రీజర్‌లో కాదు, ఫ్రిజ్‌లోనే. గాలి ఆడే కాగితం సంచిలో పెట్టాలి. అదే ఫ్రిజ్‌లో యాపిల్స్ లాంటి పళ్ళు ఉండకూడదు. పండే పళ్ళ నుంచి వచ్చే ఇథిలీన్ వాయువు లోపలి మొగ్గని చంపేస్తుంది. అక్కడ ట్యులిప్‌ని ఒక్క ఏడాది పువ్వుగానే లెక్క వేసుకోవాలి. డాఫోడిల్స్‌లో జాంక్విల్, టజెటా రకాలు వేడి రాష్ట్రాల్లో బాగా తట్టుకుంటాయి.

ఇంగ్లండ్‌లో ఉన్నవాళ్ళు డాఫోడిల్స్‌ని సెప్టెంబరులోనే నాటేసి, ట్యులిప్స్‌ని నవంబరు దాకా ఆపుతారు. చలి పెరిగాక నాటితే తెగులు బెడద తగ్గుతుంది. మెల్‌బోర్న్, సిడ్నీల్లో లెక్క తలకిందులు. అక్కడ ఫాల్ అంటే మార్చి నుంచి మే.

ఏవి కొనాలి? ఎన్ని కొనాలి?

మొదటిసారి కాబట్టి మేం వంద గడ్డలు తెప్పించాం. డాఫోడిల్స్ 40, ట్యులిప్స్ 30, క్రోకస్ 30. "బల్బులు వచ్చాయి" అని మెసేజ్ పెడితే గరాజ్ లైటు కోసమనుకుని మావారు నిచ్చెన తీశారు!

ఒకే రకం కొంటే పది రోజుల్లో పండగ అయిపోతుంది. వరసగా పూసేలా కలిపి కొనాలి. మా వైపు ఫిబ్రవరి చివర, మార్చిలో మంచు కరుగుతుంటేనే స్నోడ్రాప్స్, క్రోకస్ వస్తాయి. అంటే శివరాత్రి, హోలీ రోజులు. మార్చి చివరి నుంచి ఏప్రిల్ మధ్య దాకా డాఫోడిల్స్. ఉగాది, శ్రీరామనవమి వీటివే. ఏప్రిల్‌లో హయసింత్, ద్రాక్షగుత్తిలా నీలంగా ఉండే మస్కారి. ఏప్రిల్ చివర, మేలో ట్యులిప్స్. మే చివర, జూన్‌లో ఏలియమ్. ఈ ఏలియమ్ మన ఉల్లి, వెల్లుల్లి కుటుంబమే. బంతిలా గుండ్రంగా ఊదారంగులో పూస్తుంది.

గడ్డ చేతిలో పట్టుకుంటే బరువుగా, గట్టిగా ఉండాలి. మెత్తబడినవి, బూజు పట్టినవి వద్దు. ఒకే రకంలో పెద్ద గడ్డకి పెద్ద పువ్వు. మంచి రకాలు సెప్టెంబరులోనే అయిపోతాయి కాబట్టి ఆర్డరు ఇప్పుడే పెట్టండి. నాటేదాకా చల్లగా, పొడిగా, గాలి ఆడేచోట ఉంచాలి. ప్లాస్టిక్ కవర్లో మూట కట్టకూడదు.

ట్యులిప్స్ విషయంలో ఒక మాట ముందే తెలిస్తే బాధ ఉండదు. చాలా సంకర రకాలు మొదటి ఏడాది బ్రహ్మాండంగా పూసి, రెండో ఏడాది నుంచి నీరసపడతాయి. డార్విన్ హైబ్రిడ్ రకాలు కొంచెం ఎక్కువ ఏళ్ళు నిలుస్తాయి. డాఫోడిల్స్ అలా కాదు. నచ్చిన చోట పడితే దశాబ్దాలు పూస్తాయి, పిల్లలు పెట్టి గుంపు పెరుగుతాయి. ఒక్కసారి ఖర్చు పెట్టి వదిలేద్దామనుకునేవాళ్ళకి డాఫోడిల్సే మేలు.

ఇంకో మాట. ఇండియా నుంచి వచ్చేటప్పుడు లిల్లీ గడ్డలో, మెట్టతామర దుంపలో సామానులో దాచి తేవద్దు. నాటే దుంపలకి ఫైటోశానిటరీ సర్టిఫికెట్ కావాలి, కస్టమ్స్‌లో చెప్పి తీరాలి. మన దండల్లో కట్టే లిల్లీ గడ్డలు ఇక్కడా దొరుకుతాయి. అవి వేడి మొక్కలు. వాటిని మేలో నాటి, చలి రాకముందే తవ్వి లోపల పెట్టుకోవాలి.

వంటింట్లో జరిగిన సంగతి

పోయిన ఆగస్టు చివర్లో మా అత్తయ్య వరంగల్ నుంచి వచ్చారు. మామయ్య పోయాక, సంవత్సరీకం అయ్యాక, ఒంటరిగా చేసిన మొదటి ప్రయాణం. అంతకు మూడేళ్ళ ముందు మేం ఈ ఇల్లు కొన్న ఎండాకాలంలో ఇద్దరూ కలిసి వచ్చారు. మామయ్య రోజూ సాయంత్రం ముందువైపు మేపుల్ చెట్టు కింద కుర్చీ వేసుకుని రోడ్డు మీద వచ్చేపోయే కార్లు చూస్తూ కూర్చునేవారు. ఈసారి అత్తయ్య ఆ తలుపు వైపే వెళ్ళేవారు కాదు. మేం ఆఫీసుకి, పిల్లలు స్కూలుకి పోతే ఆమెకి మిగిలేది వంటిల్లే.

అక్టోబరు రెండో వారంలో గడ్డల పార్సిల్ వచ్చింది. వల సంచుల్లో ఉన్న డాఫోడిల్ గడ్డల్ని వంటింటి గట్టు మీద పెట్టి మీటింగ్ ఉందని నేను పైకి వెళ్ళిపోయాను. తప్పు నాదే. గంట తర్వాత కింద నుంచి పిలుపు.

"బిడ్డా, గీ ఉల్లిగడ్డలేంది గిట్లున్నయి? కోస్తుంటే కండ్లు మండుతలేవు, వాసన గూడ వస్తలేదు!"

ఒక్క అంగలో మెట్లు దిగాను. కత్తిపీట ముందు ఆమె, చేతిలో రెండు ముక్కలైన డాఫోడిల్ గడ్డ. మిగతావన్నీ ఉల్లిగడ్డల బుట్టలో సర్ది ఉన్నాయి. పొయ్యి మీద పచ్చిపులుసు కోసం పోపు సిద్ధంగా ఉంది. పచ్చిపులుసులో ఉల్లిగడ్డ ముక్కలు పచ్చివే వేస్తాం. ఇంకో ఐదు నిమిషాలు ఆలస్యమైతే ఏమయ్యేదో!

డాఫోడిల్ గడ్డలో లైకోరిన్ అనే విషపదార్థం ఉంటుంది. తింటే వాంతులు, విరేచనాలు, కడుపునొప్పి. ఉడికించినా నమ్మకం లేదు. ఇది మా ఇంట్లో ఒక్కచోటే జరిగిందీ కాదు. 2009లో ఇంగ్లండ్‌లో ఒక ప్రైమరీ స్కూల్లో పిల్లలు చేసిన సూప్‌లో ఉల్లిగడ్డ అనుకుని డాఫోడిల్ గడ్డ వేశారు. తిన్న పిల్లల్ని ఆస్పత్రికి తీసుకెళ్ళాల్సి వచ్చింది. 2015లో అక్కడి ప్రజారోగ్య సంస్థ, డాఫోడిల్స్‌ని కూరగాయల పక్కన పెట్టి అమ్మొద్దని సూపర్‌మార్కెట్లకి ఉత్తరం రాసింది.

రోజూ ఉల్లిగడ్డ కోయకుండా పొయ్యి వెలిగించని ఇళ్ళు మనవి. ఊరి నుంచి వచ్చిన పెద్దవాళ్ళకి సంచి మీద ఇంగ్లిష్ అక్షరాలు చదవడం రాకపోవచ్చు. అందుకే ఈ నాలుగు జాగ్రత్తలు రాసి పెట్టుకోండి.

* గడ్డల్ని వంటింట్లోకే తేవద్దు. గరాజ్‌లో, పిల్లలకి అందని చోట పెట్టండి. ఎలకలు, ఉడతలు రాకుండా చూడండి.
* ఫ్రిజ్‌లో పెట్టక తప్పని రాష్ట్రాల వాళ్ళు వీలైతే గరాజ్‌లోని రెండో ఫ్రిజ్ వాడండి. సంచి మీద పెద్దక్షరాలతో తెలుగులోనే "విషం, తినకూడదు" అని రాసి అంటించండి. ఇంట్లో అందరికీ నోటితో కూడా చెప్పండి.
* నాటేటప్పుడు చేతికి గ్లవ్స్ తప్పనిసరి. హయసింత్ గడ్డలు కంద కోసినట్టే దురద పెడతాయి. రెండింట్లోనూ ఉండేది కాల్షియం ఆక్సలేట్ సూదులే. ట్యులిప్ గడ్డలకీ కొందరి వేళ్ళు మంటపుడతాయి. డాఫోడిల్, ట్యులిప్, హయసింత్ మూడూ కుక్కలకి, పిల్లులకి కూడా విషమే.
* పొరపాటున ఎవరైనా తింటే అమెరికాలో పాయిజన్ కంట్రోల్ నంబరు 1-800-222-1222. రాత్రీ పగలూ ఉచితంగా పలుకుతుంది. మనిషి స్పృహ తప్పినా, ఊపిరి ఆడకపోయినా నేరుగా 911.

ఇంకొకటి. క్రోకస్ పేరు వినగానే కుంకుమపువ్వు గుర్తొస్తుంది. కుంకుమపువ్వు వచ్చేది ఫాల్‌లో పూసే వేరే క్రోకస్ నుంచి. స్ప్రింగ్‌లో పూసేవాటి కేసరాలు తుంచి పాయసంలో వేయొద్దు.

ఆ రోజు గట్టు కడిగి, కత్తిపీట తోమి, ఆమె చేతులు సబ్బుతో కడిగించాక ఇద్దరం కూర్చుని ఆ కోసిన గడ్డని చూశాం. పొరల మధ్యలో, సరిగ్గా నడుమ, బియ్యపు గింజంత లేత మొగ్గ. "అయ్యో, పువ్వునే కోసిన గదనే" అన్నారు అత్తయ్య. కాసేపాగి, "మిగిలినయి ఎప్పుడు పెడ్తరు? నేను గూడ వస్త" అన్నారు. వచ్చిన ఆరు వారాల్లో ఆమె తనంతట తాను బయటికి వస్తానన్నది అదే మొదలు.

నాటే పద్ధతి

చోటు ఎంచుకోవడం ముఖ్యం. కనీసం ఆరు గంటల ఎండ కావాలి. అయితే ఆకు రాల్చే చెట్టు కింద కూడా పనికొస్తుంది. చెట్టుకి ఆకు రాకముందే ఈ పూలు పూసేస్తాయి కదా. వాన పడ్డాక నీళ్ళు నిలిచే చోటు మాత్రం వద్దు. న్యూజెర్సీ బంకమట్టిలో మేం కంపోస్టు కలిపి చోటు కాస్త ఎత్తు చేశాం.

బతుకమ్మ కోసమని బంతి, సీతమ్మజడ పెంచేవాళ్ళు ఇక్కడ చాలామందే. తొలి మంచుకి అవి వాడిపోగానే ఖాళీ అయ్యే ఆ పాదులే గడ్డలకి సరైన చోటు. గోంగూర, టమాటా మడులు మాత్రం వద్దు. ఎండాకాలమంతా రోజూ నీళ్ళు పోస్తే నిద్రపోతున్న గడ్డ కుళ్ళిపోతుంది. పైగా కూరగాయల మడిలో విషపు గడ్డ ఉండటం మంచిది కాదు. వెల్లుల్లి రెబ్బలు నాటేది కూడా ఈ అక్టోబరులోనే, తవ్వుకునేది జులైలో. దాన్ని వేరే మడిలో, పేరు రాసిన పుల్ల గుచ్చి మరీ పెట్టండి.

లోతు లెక్క తేలిక. గడ్డ ఎత్తుకి రెండు మూడింతలు.

* ట్యులిప్: 6 నుంచి 8 అంగుళాల లోతు
* డాఫోడిల్, హయసింత్: దాదాపు 6 అంగుళాలు
* క్రోకస్, మస్కారి లాంటి చిన్నవి: 3 నుంచి 4 అంగుళాలు
* ఎడం: పెద్దవాటికి 4-6 అంగుళాలు, చిన్నవాటికి 2-3 అంగుళాలు

మొన పైకి, వేర్ల వైపు కిందికి. మొన ఏదో తెలియకపోతే పక్కకి పడుకోబెట్టినా అది దారి వెతుక్కుంటుంది. సైనికుల్లా వరసగా కాకుండా ఏడెనిమిది ఒక గుంపుగా పెడితే నిండుగా కనిపిస్తుంది. చోటు తక్కువైతే, కుండీలో అయితే, అడుగున ట్యులిప్, దాని మీద మట్టి, పైన క్రోకస్.. ఇలా పొరలుగా పెట్టొచ్చు. ఎముకల పొడి ఎరువు వేయమని కొన్ని సంచుల మీద రాసి ఉంటుంది. దాని వాసనకి కుక్కలు, ఉడతలు వచ్చి తవ్వేస్తాయి. శాకాహార ఇళ్ళకి అది నచ్చకపోవచ్చు కూడా. కంపోస్టు చాలు. నాటాక ఒకసారి బాగా నీళ్ళు పోసి, నేల చల్లబడ్డాక రెండంగుళాల మల్చ్ వేస్తే ఇక వాటి పని అవి చూసుకుంటాయి.

పెద్ద పాదు తవ్వేవాళ్ళు కొన్ని రోజుల ముందే 811కి ఫోన్ చేయండి. గ్యాస్, కరెంటు తీగలు ఎక్కడున్నాయో ఉచితంగా గుర్తు పెట్టి వెళ్తారు. టౌన్‌హోమ్‌లో ఉంటే హెచ్‌ఓఏ నిబంధనలు ఒకసారి చూసుకోండి.

ఉడతలు, లేళ్ళు

ట్యులిప్, క్రోకస్ అంటే వాటికి లడ్డూలే. నాటిన రెండో రోజే మా ట్యులిప్స్ నాలుగు బయటపడి ఉన్నాయి. గడ్డల మీది గోధుమరంగు పొట్టు నేల మీద వదిలేస్తే ఆ వాసనకే ఉడతలు వస్తాయట. ఊడ్చేయాలి. మట్టి మీద కోళ్ళ వల పరిచి, అంచులు పూడ్చి, రాళ్ళు పెడితే తవ్వలేవు. అంగుళం రంధ్రాలుంటే మొలక అందులోంచే వస్తుంది.

లేళ్ళ సంగతి వేరు. అవి పువ్వు విచ్చుకునే రోజు దాకా ఆగి మరీ తింటాయి. ట్యులిప్స్‌ని కంచె ఉన్న బ్యాక్‌యార్డ్‌లో పెట్టుకోవాలి. ముందు వాకిట్లో డాఫోడిల్స్, ఏలియమ్స్, స్నోడ్రాప్స్ మేలు. మనల్ని భయపెట్టిన విషమే డాఫోడిల్స్‌కి కంచె.

పూశాక చేయకూడని పని

పువ్వు వాడాక తల తుంచేయండి, ఆకు మాత్రం ముట్టుకోవద్దు. వచ్చే ఏడాది పువ్వుకి కావాల్సిన తిండి ఆ ఆకే వండిపెట్టాలి. అది పసుపు పచ్చబడి వాలిపోయేదాకా, అంటే దాదాపు ఆరు వారాలు, కోయకూడదు, జడ అల్లకూడదు, ముడి వేయకూడదు. లాన్ కోసే మనిషికి ముందే చెప్పండి. మే మధ్యలో వాటి మధ్య బంతి నారు వేస్తే ఆ వాడిన ఆకులు కనిపించవు.

ఎన్ని లేచినయి?

మేమంతా రెండు శనివారాలు నాటాం. గుంట తవ్వడం మావారు, నీళ్ళు పిల్లలు, గడ్డ పెట్టడం మాత్రం అత్తయ్యే. మోకాళ్ళ నొప్పికి చిన్న ముక్కాలి పీట వేసుకుని, ఒక్కో గడ్డనీ మొన చూసి నిలబెట్టారు. ముప్పై క్రోకస్‌లలో ఇరవై మెయిల్‌బాక్స్ దగ్గర పెట్టాం. మిగిలిన పదీ రేపు పెడదామని గరాజ్‌లో ఉంచాను. మర్నాడు చూస్తే లేవు. ఉడతలు పట్టుకెళ్ళాయనుకున్నాను.

ఉండే గడువు ఆరు నెలలు కాబట్టి ఫిబ్రవరి మొదట్లో ఆమె వెళ్ళిపోయారు. అప్పటికి వాకిట్లో అడుగు ఎత్తు మంచు.

మార్చి రెండో వారంలో ఒక పొద్దున మా చిన్నది కేకేసింది. మేపుల్ చెట్టు కింద, మామయ్య కుర్చీ వేసుకునే చోట, ఊదా రంగు క్రోకస్‌లు పది. గుంపుగా కాదు, కుర్చీ పట్టేంత చోటు వదిలి చుట్టూ. వీడియో కాల్ చేసి చూపిస్తే అత్తయ్య కాసేపు ఏమీ అనలేదు. తర్వాత, "పదికి పది లేచినయా?" అని అడిగారు. లేచాయన్నాను. "మరి పెద్దయి ఎన్ని లేచినయి?" అన్నారు.

చివరికి లెక్క తేలింది. కోసింది పోగా నాటిన 39 డాఫోడిల్స్‌లో 38 పూశాయి. 30 ట్యులిప్స్‌లో మాకు దక్కినవి పదకొండే. మిగతావి లేళ్ళ పాలు. డాఫోడిల్స్‌లో మూడు కోసి మామయ్య ఫోటో ముందు గ్లాసులో పెట్టి ఫోటో పంపాను. ఆ నీళ్ళు కూడా పిల్లలు తాగకుండా చూడమని ఆమే గుర్తుచేశారు!

పూసినప్పుడు ఆమె లేరు. ఆమె ఉన్నప్పుడు ఏమీ కనిపించలేదు. ఎప్పుడూ ఎండాకాలం సెలవులు, స్కూలు టైము చూసి పెద్దవాళ్ళకి టికెట్లు తీసే మేం, ఈసారి పూలు చూసి తీశాం. వచ్చే మార్చి మొదటి వారంలో ఆమె వస్తున్నారు. క్రోకస్‌ల నుంచి ఏలియమ్స్ దాకా అన్నీ ఆమె కళ్ళ ముందే పూయాలి. అందుకే ఈ ఏడాది లిస్టు పెద్దది. డాఫోడిల్స్ ఇంకో ఎనభై, కంచె లోపల ట్యులిప్స్ నలభై, ఏలియమ్స్ పది. ఆర్డరు నిన్ననే పెట్టాను. పార్సిల్ వచ్చే రోజుకి గరాజ్‌లో పై అరమర ఖాళీ చేసి, దాని మీద మా పెద్దది తెలుగులో రాసిన చీటీ అంటించింది.

గడ్డ నాటేది అత్తయ్య కాదు కాబట్టి మొన పైకి ఉందో లేదో వీడియోలో చూపించమని అప్పుడే చెప్పారు. మీ ఇంటికీ వచ్చే స్ప్రింగ్‌లో ఎవరైనా రావాల్సి ఉంటే, సంచీ పట్టుకుని బయల్దేరాల్సింది ఈ నెలలోనే.